ఒక నూలు వదులు

ఆదికేశవులు నాయుడికి గొట్టం కనిపిస్తే కొలవకుండా కాలు ముందుకు పడదు. అది వీధి కుళాయి కావచ్చు, ఆసుపత్రి మంచం కోడు కావచ్చు, ఎవరింటి మిద్దె మీదనుంచో దిగే వాననీటి తూము కావచ్చు. జుబ్బా జేబులోంచి చింతకొయ్య బిరడా ఒకటి తీస్తాడు. గొట్టం మూతిలో పెట్టి, ఒక కన్ను మూసి చూస్తాడు. "ఒక నూలు బిగువు" అనో, "ఒక నూలు వదులు" అనో తీర్పు చెప్పి, బిరడా తుడిచి జేబులో వేసుకుని వెళ్లిపోతాడు. అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒక భాగాన్ని మద్రాసు వడ్రంగులు నూలు అంటారు. ఆ ఒక్క నూలు తేడా లేని గొట్టం కోసం ఆయన ఏడేళ్లు ఊరంతా గాలించాడు.

నేను చాలా ఊళ్లు తిరిగినవాణ్ణి. తడిసిపోతుందని గొడుగు చంకలో దాచుకుని వానలో నడిచే పెద్దమనిషిని కొలంబోలో చూశాను. పడవ ఎక్కిన ప్రతిసారీ దానికి క్షమాపణ చెప్పుకునే పండితుణ్ణి కాశీలో చూశాను. విచిత్ర మనుషుల గురించి దేశదేశాల పుస్తకాలు కూడా చదివాను. ఆదికేశవులు పక్కన నిలబెడితే వాళ్లంతా మామూలు సంసారులే.

వరదలక్ష్మి అని, ఆయన మేనకోడలు. తిరువల్లిక్కేణిలో ఆ పిల్ల పెళ్లి. నాదస్వరం ఆయన కాఫీ తాగడానికి వాద్యం పక్కన పెట్టి లేచాడు. తిరిగొచ్చేసరికి ముహూర్తం. పంతులుగారు చెయ్యి ఊపారు. డోలు ఉరిమింది. నాదస్వరం మాత్రం పలకలేదు. పాపం ఆయన బుగ్గలు పగిలేలా ఊదాడు, కళ్లు బయటికొచ్చాయి, గాలి మాత్రం రాలేదు. తాళి డోలు మోతలోనే పడింది. తరువాత ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుని లాగితే చింతకొయ్య బిరడా ఊడింది. అందరూ తన వైపే చూస్తున్నారని గ్రహించి ఆదికేశవులు అన్న మాట ఇదీ:

"బిగువని నేను అప్పుడే చెప్పినాను కదయ్యా."

ఇంతకీ ఈ వెతుకులాట ఎందుకంటే, ఆయనకు ఒక కారుంది. నాయుడు ఒక ఇంగ్లీషు కంపెనీలో నక్షాలు గీసేవాడు. నలభై ఎనిమిదిలో దొర ఓడెక్కుతూ, తన ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్సు కారును ఆయన చేతిలో పెట్టి పోయాడు. ఏడాది తిరగకముందే సముద్రపు గాలికి దాని సైలెన్సరు గొట్టం తుప్పుపట్టి మౌంటు రోడ్డు మీద రాలిపోయింది. సీమలో ఆ కారు చేసిన కంపెనీకి ఉత్తరం రాస్తే, ఆ రకం బండ్లు తయారుచేయడం మానేశామని మర్యాదగా జవాబొచ్చింది. అప్పుడు ఇంజను మూతి కొలతకి చెక్కించుకున్నదే ఆ బిరడా.

సైలెన్సరు లేని స్పోర్ట్సు కారు ఎలా అరుస్తుందో తెలియనివాళ్లకు చెప్పడం కష్టం. ఆయన కాపురం కోడంబాక్కంలో, సినిమా స్టూడియోల మధ్య. మాటలూ పాటలూ అక్కడే మైకుల్లో పట్టుకునే రోజులవి. ఆదికేశవులు ఆఫీసుకు బయలుదేరే వేళకి స్టూడియో గేటుమన్లు ఎర్రగుడ్డలు పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తేవాళ్లు. ఒకరోజు గుడ్డ ఆలస్యమైంది. లోపల తల్లి ఒళ్లో అప్పుడే ప్రాణం విడిచిన కథానాయకుడు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఆ తల్లి నిజంగానే మూర్ఛపోయింది.

దాంతో ఫిర్యాదు వెళ్లింది. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు రంగనాథం ఇంటికే వచ్చాడు. మంచివాడే, కానీ మాట ఖచ్చితం.

"పదిహేను రోజులు గడువిస్తున్నాను నాయుడుగారూ. సైలెన్సరు బిగించారా, సరే. లేదా, బండి రోడ్డెక్కకూడదు."

"ఏమంటారు?" అన్నాడు ఆదికేశవులు. ఏడేళ్ల మోతకు చెవులు కొంచెం మందగించాయి. ఇన్‌స్పెక్టరు మళ్లీ చెప్పాడు. ఈసారి వీధంతా విన్నది.

ఆయన భార్య చూడామణమ్మకు ఆ కబురు పండగలా అనిపించి ఉండాలి. నేను వెళ్లేసరికి ఆవిడ గొట్టాల మధ్య కూర్చుని బియ్యం ఏరుతోంది. సరిపడని గొట్టాలన్నీ ఆ ఇంట్లోనే తేలాయి మరి. దండేలు గొట్టాలే, పొయ్యిదగ్గర ఊదుకునేదీ గొట్టమే, తులసికి నీళ్లు పోయేదీ గొట్టమే. అవన్నీ రేకు చుట్టి అతికినవి. అన్నీ ఒక నూలు వదులే.

"మీరైనా చెప్పండన్నా," అంది. "ఈ ఇంట్లో గొట్టం లేని జాగా యాడుంది? మొన్న వంకాయలు తెమ్మంటే సంచీలో గొట్టం ఏసుకోనొచ్చినాడు ఈయన."

"వంకాయలు కూడా తెచ్చినానే," అన్నాడు నాయుడు.

"ఆమాం ఆమాం, తెచ్చినాడులే, గొట్టంలో పెట్టి. ఊడదీసేదానికి సాయంత్రమైంది."

అప్పట్లో ఒక పాత పుస్తకం దొరుకుతుందని విని నేను బొంబాయి వెళ్తున్నాను. పుస్తకం దొరకలేదు. కానీ ఒక ముసలి పార్సీ షెడ్డులో, అదే రకం కారు శవం కింద, అసలు సిసలు సైలెన్సరు గొట్టం కనిపించింది. మూడున్నర అడుగులు. గోనెగుడ్డ చుట్టి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. గుంతకల్లు దగ్గర ఎక్కిన ఒక భక్తుడు అది వాద్యమనుకుని, కడప దాకా "ఒక్క కీర్తన, స్వామీ" అని బతిమాలాడు.

గడువు ఇంకా అయిదు రోజులుందనగా గొట్టం తెచ్చి ఆదికేశవులు ముందు పెట్టాను. ఆయన గోనెగుడ్డ విప్పాడు. బిరడా తీసి మూతిలో పెట్టాడు. అది ఎంత ముద్దుగా కూర్చుందంటే, ఆ చప్పుడు నాకింకా గుర్తుంది.

ఆయన ఇంటి దూలాల వైపు చూస్తూ, "ఒక నూలు బిగువు," అన్నాడు.

"ఏదీ, బిరడా ఇటివ్వండి."

"బిగువంటే బిగువే, వెంకటపతీ," అని బిరడా జేబులో వేసుకున్నాడు.

ఆయన స్నానానికి వెళ్లినప్పుడు కొక్కేనికున్న జుబ్బాలోంచి బిరడా తీసి నేనే పెట్టి చూశాను. వెంట్రుక వాసి తేడా లేదు. రెండు పగళ్లు ఒళ్లో బిడ్డలా మోసుకొచ్చినవాడికి ఎంత కోపం రావాలో అంతా వచ్చింది. నా మొహం చూసి చూడామణమ్మ చేట పక్కన పెట్టింది.

"కోపగించుకోవద్దన్నా. రేపు ఆదివారం. ఈయన వాషర్‌మెన్‌పేట పోతాడు. మీరూ పొండి ఆడికి."

వాషర్‌మెన్‌పేట సందుల్లో కారు చివరిదాకా పోదు. మలుపులో ఆపి నడిచాం. ఒక చిన్న పెంకుటిల్లు, ముందు పందిరి, కింద రేకులు. రేకు అంచును వేళ్లతో తడుముతూ ఆరోగ్యసామి కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఉత్తర మద్రాసులో సగం బకెట్లు ఆయన చేతివే. ఇప్పుడు రెండు కళ్లల్లోనూ పాలు విరిగినట్టు తెలుపు.

"సార్ వచ్చినారా. మోత వినపడతానే సెలీనాకి చెప్పినా. పోయినవారం గొట్టం సరిపోయిందా?"

"నీ గొట్టానికేం ఆరోగ్యం, బ్రహ్మాండంగా ఉండాది. నా బండి మూతే కుదర్లేదు. ఎండకి కుంచించుకపోయింది."

భౌతికశాస్త్రం కొంత చదివినవాణ్ణి గనక నేను నోరు తెరవబోయాను. నాయుడు నా కాలు తొక్కాడు.

"పోయినమాటు వానకి కుంచించుకపోయిందంటిరే," అన్నాడు ఆరోగ్యసామి.

"అప్పుడు వాన. ఇప్పుడు ఎండ."

"ఎదిగే పిల్లోళ్లని చూసినా సార్. తరిగే బండిని మీ దగ్గిరే చూస్తా ఉండా. సరే, ఇంకోటి చేస్తా."

ఆయన భార్య సెలీనా నాకు కాఫీ ఇస్తూ మెల్లగా చెప్పింది. "కన్ను పొయ్యి ఏడేండ్లు అయ్యా. పని ఇచ్చేవాళ్లందరూ నిలిపేసినారు. సుమ్మా, ఏ పనీ లేకుండా కూసోని తినమంటే తినడు. రెండు దినాలు పస్తు ఉన్నాడు అట్నే. సార్ వచ్చి గొట్టం కావాలన్నాడు. అప్పుడు లేచినాడు. ఆ గొట్టం చేస్తా ఉన్నంతవరకే ఈ మనిషి అన్నం తింటాడు."

నా కోపం కాఫీతో పాటు లోపలికి దిగిపోయింది. ఊరంతా బిరడా పట్టుకుని తిరగడమెందుకో కూడా తెలిసింది. ఎక్కడా దొరకలేదని ఊరు సాక్ష్యం చెబితేనే కదా ఆరోగ్యసామి గొట్టానికి గిరాకీ.

కానీ గడువు నాలుగు రోజులే మిగిలింది. నేను తెచ్చిన గొట్టం బిగిస్తే ఆరోగ్యసామి పని ఆగిపోతుంది. బిగించకపోతే బండి ఆగిపోతుంది, బండి ఆగితే ఆ పనీ ఆగుతుంది. తిరుగుదారిలో ఈ సంగతే మాట్లాడుకున్నాం. సైలెన్సరు లేని బండి కదా, ఆదికేశవులు తన జీవితరహస్యాన్ని మింటు వీధి పొడుగునా అరుస్తూ చెప్పుకోవాల్సి వచ్చింది.

"వాడి లెక్క తప్పు కాదు," అని అరిచాడు. "బకెట్ల చెయ్యి అది. అతుక్కి చోటు ఇడుస్తాది. కన్నున్నప్పుడు ఒకమాటు ఇడిచేవాడు. ఇప్పుడు గీతలో ఒకమాటు, మడతలో ఒకమాటు. అందుకే ఎప్పుడూ ఒక నూలు వదులు."

"ఆయనకి చెప్పరాదూ?" అని నేనూ అరిచాను.

"చెప్తే మానేస్తాడు. ఇది నీకూ నాకూ మధ్య ఉండాల," అని అరిచాడు. పూలమ్ముకునే ఒకావిడ తలూపింది.

మర్నాడు పుదుపేటలో కన్నియప్పన్ వెల్డింగు షాపుకు నన్ను తీసుకెళ్లాడు. నా బొంబాయి గొట్టాన్ని బల్లకు బిగించి, రంపం అందుకున్నాడు.

కన్నియప్పన్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "సార్, ఒరిజినల్ సార్ అది."

"తెలుసు. అందుకే కోస్తా ఉండాను."

నాలుగు వేళ్ల వెడల్పున ఒక చుట్టు కోశాడు. దాన్ని చీల్చి ఇంజను మూతికి తొడిగి కన్నియప్పన్ చేత అతికించాడు. మూతి సరిగ్గా ఒక నూలు లావెక్కింది. దాని మీదికి ఆరోగ్యసామి పోయినవారం చేసిన గొట్టం, ఊదుగొట్టంగా మారాల్సిన గొట్టం, చేతికి తొడుగులా ఎక్కింది.

"గొట్టాన్ని బండికి సరిపెట్టమని ఊరంతా చెప్తా ఉండారు," అన్నాడు ఆదికేశవులు. "బండిని గొట్టానికి సరిపెట్టకూడదని యాడ రాసుండాది?"

"ఈ ఉపాయం ఏడేళ్లుగా ఎందుకు చెయ్యలేదు?"

"చేస్తే పని అయిపోతాది కదయ్యా."

"మరి ఇప్పుడు అయిపోలేదా?"

"చూస్తాం," అన్నాడు, బిరడా తుడుచుకుంటూ.

గడువు రోజున ఇన్‌స్పెక్టరు వచ్చి బండి పక్కన నిలబడ్డాడు. "ఇంజను వెయ్యండి నాయుడుగారూ."

"వేసే ఉండాది సార్."

ఇన్‌స్పెక్టరు బానెట్టు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. చాలాసేపు వెనక వంగి ఆ గొట్టాన్నే చూశాడు. తన జీపు కూడా ఈమధ్య గొంతు పెంచిందట. "ఎవరు చేశారండీ ఇది?"

ఆదికేశవులు ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు పేరూ, వీధీ, గుమ్మం గుర్తులూ చెప్పాడు. స్టూడియోవాళ్లూ మెచ్చుకోలుకు వచ్చారు. వాళ్ల జనరేటరుకూ ఒక గొట్టం కావాలట.

ఆదివారం కారును సందులోకే తోయించి, ఆరోగ్యసామి పందిరి దాకా తెచ్చాం. ఇంజను ఆడుతూనే ఉంది.

"నడిచొచ్చినారా సార్?" అన్నాడు ఆరోగ్యసామి. "బండి మోత వినపళ్లేదే."

"నీ ముందరే ఉండాది, ఆడతానే ఉండాది. తాకి చూడు."

ఆయన లేచి బండి మీద చెయ్యి వేశాడు. సన్నటి అదురు చేతికి తగిలింది. ఇంజను ఆపించి, వంగి గొట్టం పొడుగునా వేళ్లు నడిపించాడు. "నా అతుకే," అన్నాడు సెలీనాతో. "సరిపోయింది." వేళ్లు ఇంకా ముందుకు పోయాయి, గొట్టం మూతి దగ్గర ఆగాయి. చుట్టు అంచును గోటితో మెల్లగా గీరాడు. రేకుపని చేసిన వేళ్లకు కళ్లతో పనేముంది. నాయుడు దూలాల కోసం చూశాడు. పందిరికి దూలాలు లేవు.

"ఈడ ఒక నూలు లావుగా ఉండాది సార్."

"ఎండకి ఉబ్బింది."

"పోయినవారం ఎండకే కుంచించుకపోయిందంటిరే."

ఆదికేశవులు జేబులోంచి బిరడా తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆరోగ్యసామి భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. సెలీనా కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"యాభై ఏండ్ల చెయ్యి సార్ ఇది. ఇప్పుడు బుద్ధి చెప్తే వినదు, ఒక నూలు ఎక్కువే ఇడుస్తాది," అన్నాడు చివరికి. "జీపుకి, జనరేటరుకి చెయ్యమని మనుషులొచ్చిపోయినారు. వాటికి కూడా ఎండ తగలాల గదా?"

నాయుడు కారులోంచి, చుట్టు కోయగా మిగిలిన నా బొంబాయి గొట్టం తీసి పందిరి గుంజకు ఆనించాడు.

"చెయ్యి ఆరోగ్యం, దిగులు పెట్టుకోవద్దు. నా దగ్గిర ఇంకా మూడడుగుల ఎండ ఉండాది."