ముసలమ్మకు చీటీ తీసిన రోజు

మేము సినిమా తీశామని ఎవరైనా అంటే వెంటనే సరిదిద్దుతాను. సినిమా కాదు, సీరియల్. అదైనా పుంగనూరులో కేబుల్ వైరు ఎంతదూరం పోతే అంతవరకే. వైరు చివర ఉన్న ఇళ్ళలో బొమ్మ సరిగా వచ్చేది కాదు. వాళ్ళు మమ్మల్ని క్షమించే ఉంటారు.

దానికి పదేళ్ళ ముందు, తొంభైల మొదట్లో, మదనపల్లెలో డిగ్రీ చదువుతూ ముగ్గురం ఒక గదిలో ఉండేవాళ్ళం. కింద టమోటా మండీ, పైన మేము. ఒకడు పుంగనూరులో బట్టల కొట్టు వాళ్ళబ్బాయి. ఇంకొకడిది పెద్దమండ్యం దగ్గర పల్లె. వాళ్ళది చెనిక్కాయల సేద్యం, అంటే వాన పడిన సంవత్సరం సేద్యం, పడని సంవత్సరం మాటవరసకు సేద్యం. మూడోవాణ్ణి నేను. నా గురించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు. దాన్నే నేను చాలాకాలం వినయం అనుకున్నాను.

బట్టల కొట్టువాడు ఒకసారి వాళ్ళ నాన్నతో సరుకుకని బెంగుళూరు పోయి, ఫుట్‌పాత్ మీద కొన్ని పేజీలు లేని ఒక జిరాక్సు పుస్తకం కొనుక్కొచ్చాడు. అందులో ఒక ఆట ఉంది. బోర్డు లేదు, కాయలు లేవు. ఒకడు కథ చెప్పాలి. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషిగా ఉండి, ఆ మనిషి ఏం చేస్తాడో చెప్పాలి. చేసిన పని పారుతుందో లేదో తెలియనప్పుడు ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పెద్ద అంకె వస్తే పారినట్టు, చిన్నది వస్తే దెబ్బ తిన్నట్టు. ఇరవై ముఖాల పాచిక కావాలని బజారులో అడిగితే అంగడాయన మమ్మల్ని కాసేపు చూసి, "ఆరు మొకాలది మీకు సాలదా అప్పా?" అన్నాడు. చివరికి తంబోలా బిళ్ళల్లో ఒకటి నుంచి ఇరవై దాకా ఏరి చెంబులో వేసుకున్నాం. బిళ్ళ తియ్యడాన్ని చీటీ తియ్యడం అనేవాళ్ళం. వచ్చింది వచ్చినట్టే, మళ్ళీ తీసేది లేదు. ఆ నియమం మీద మాకు చదువు మీద కంటే భక్తి ఎక్కువ.

కథ చెప్పేవాణ్ణి నేనే. పుస్తకంలో మంచుకొండలు, గుహలు, నిప్పులు కక్కే జంతువులు ఉండేవి. మంచు మేము ఐసుబండిలో తప్ప చూడలేదు కనుక, నేను నలభై ఎండిన బావుల దేశం ఒకటి కల్పించాను. ఒక్కో బావిలో ఒక్కో జంతువు. బట్టల కొట్టువాడు కత్తి, డాలు, తెల్ల గుర్రం ఉన్న వీరుడు. గుర్రం రంగు తేల్చుకోవడానికి వాడికి రెండు ఆదివారాలు పట్టింది. పెద్దమండ్యం వాడు మాత్రం అరవై ఏళ్ళ ముసలమ్మనన్నాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడిచి, కాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ నీళ్ళున్నాయని చెప్పే ముసలమ్మ. ఆయుధం లేదు.

"రేయ్, ముసలిదాన్ని ఎత్తుకోని యుద్ధానికి యాడికి పోతావురా?" అన్నాడు బట్టల కొట్టువాడు.

"నీ గుర్రానికి నీళ్ళు కావల్లంటే ఎవురు సూపిస్తారు? నువ్వేమన్నా సూపిస్తావా?" అన్నాడు వీడు.

ఒక సాయంత్రం ముసలమ్మ అన్నిటికంటే లోతైన బావిలోకి దిగింది. మెట్టు జారకుండా ఉండడానికి చీటీ తీస్తే రెండు వచ్చింది. కొబ్బరికాయ పగిలింది, ఆమె పోయి జంతువు ముందర పడింది. ఇక చస్తుందని నాకు లోపల కొంచెం సంతోషంగానే ఉంది. ఆ జంతువు కోసం వారం రోజులు కష్టపడ్డాను.

"ఇప్పుడేం చేస్తాది?" అన్నాను.

వాడు చెంబు పక్కకు జరిపాడు. "కూసుంటాది."

"కూసోని?"

"నువ్వు నీళ్ళు తాగి ఎన్నాళ్ళయిందబ్బా, అని అడుగుతాది."

దానికి జవాబు పుస్తకంలో ఉన్న పేజీల్లో లేదు, లేని పేజీల్లో ఉండే అవకాశమూ లేదు. జంతువు నేనే కనుక నేనే చెప్పాలి. "నూరేండ్లు" అన్నాను. జంతువు అరవకుండా మెల్లగా చెప్పిందని బట్టల కొట్టువాడు తరవాత చాలారోజులు వెక్కిరించాడు. ఆ రోజు మాత్రం తన వీరుడు కూడా గుర్రం దిగాడన్నాడు.

డిగ్రీ అయిపోయింది. అయినా నెలకో ఆదివారం కలిసి ఆడుతూనే ఉన్నాం. పెద్దమండ్యం వాడికి కుప్పంలో స్కూలు టీచరు ఉద్యోగం వచ్చింది. నేను మదనపల్లెలోనే ఒక కాలేజీలో, పరీక్షలో వస్తుందా రాదా అని మాత్రమే అడిగే పిల్లలకు పాఠాలు చెబుతూ ఉండిపోయాను. రెండువేల సంవత్సరం దాటాక బట్టల కొట్టువాడి మేనమామ పుంగనూరులో కేబుల్ పెట్టాడు. పొద్దస్తమానం పాత సినిమాలు వేసి విసుగెత్తి, సొంతంగా ఒక సీరియల్ కావాలన్నాడు. మావాడు నా పేరు చెప్పాడు. నాకు అప్పటికి ముప్ఫై దాటాయి. ఎవరైనా నా పేరు చెప్పడం అదే మొదలు.

ఆ కథలో సగానికి పైగా పెద్దమండ్యం వాడి నోటినుంచి వచ్చినదే. అందుకని కుప్పం పోయి అడిగాను. వాడు నాకు టీ తెప్పించాడు.

"తీసుకో. నాదని ఏం లేదు, ముగ్గురిదీ గదా. ముసలమ్మను మాత్రం మార్చొద్దు."

"మార్చను."

"మాట?"

"మాట" అన్నాను. ఇంత తేలిగ్గా ఇవ్వగలిగినది నా దగ్గర ఇంకేదీ లేదు.

ముసలమ్మ వేషానికి రామసముద్రం నుంచి వీధినాటకాలు ఆడే ఒకామెను వాడే వెతికి తెచ్చాడు. ఆమె తన కొబ్బరికాయ తనే తెచ్చుకుంది. కేబుల్ ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో కాయ అరచేతిలో పెట్టుకుని నాలుగడుగులు వేసింది. కాయ లేచిందో ఆమె లేపిందో తెలియదు కానీ, వాడి ముఖం చూడాల్సింది. పదేళ్ళుగా తన నోట్లో ఉన్న మనిషి నడిచి ఎదురుగా వచ్చినట్టు చూశాడు.

పక్కన బట్టల కొట్టువాడితో నిలబడి మేనమామ కూడా చూశాడు, చూసి మా ముగ్గురినీ ఆఫీసులోకి పిలిచాడు. ఆయనకు కళ మీద గౌరవం ఉంది, కానీ దాన్ని ఇబ్బంది పెట్టేవాడు కాదు.

"ముసలామెను ఎవురు సూస్తారప్పా? ఇంట్లో ఉండే ముసలోళ్ళతోనే సావలేకుండారు జనం. ఆ పాత్రను వయసు పిల్లను చెయ్యి. బావిలోకి దిగేటప్పుడు ఒక పాట పెట్టు."

"బావిలో జంతువుంది సార్" అన్నాను.

"ఉండనీ. అదీ పాటకు ఎగురుతాది."

ఇక్కడ నేను మూడు పనులు చేయగలిగేవాణ్ణి. కాదని చెప్పి మదనపల్లె బస్సెక్కవచ్చు. సరేనని చెప్పి, మాట తప్పానని నా స్నేహితుడికి ముఖాముఖి చెప్పవచ్చు. మూడోది, చదువుకున్నవాళ్ళకు మాత్రమే తట్టేది, నాకు తట్టింది. సంచిలోంచి చెంబు తీసి బల్ల మీద పెట్టాను. షూటింగు మధ్యలో ఆడుకుంటే సరదాగా ఉంటుందని తెచ్చాను దాన్ని.

"మన ఆట, మన పద్ధతి. చీటీ తీద్దాం. పది దాటితే ముసలమ్మ. పదిలోపల వస్తే వయసు పిల్ల" అన్నాను.

బట్టల కొట్టువాడు ఎగిరి గంతేశాడు. మేనమామకు జ్యోతిషం వంటిదేదో జరుగుతోందనిపించి చెప్పులు విడిచాడు. పెద్దమండ్యం వాడు చెంబు వైపు చూశాడు, తరవాత నా వైపు. చీటీ ముందు వాడు ఎప్పుడూ వాదించలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలుసు కనుకనే చెంబు తీశాను.

"తియ్యి" అన్నాడు.

తీశాను. ఏడు.

మోసం చేశానేమోనని మీకు అనుమానం రావచ్చు. లేదు. చేసి ఉంటే కనీసం ఆ తెలివి అయినా నాదని చెప్పుకునేవాణ్ణి.

రామసముద్రం ఆమెకు సంగతి చెప్పే పని కూడా పెద్దమండ్యం వాడే చేశాడు. ఆమె కాయ కొంగులో కట్టుకుంటూ, "పోనీలే అప్పా, నాకు మెట్లు దిగేదీ కష్టమే" అన్నదట.

సీరియల్ తీశాం. పెళ్ళి వీడియోలు తీసే ఆయన కెమెరా పట్టాడు. అందుకే ఎవరు చచ్చిపోయినా తెర మూలల్లో గులాబీలు విచ్చుకునేవి. జంతువు గోనెసంచుల్లో ఇద్దరు మనుషులు. వెనకవాడు ముందువాడి మాట వినేవాడు కాదు. వీరుడిగా బట్టల కొట్టువాడే వేశాడు, గుర్రం దొరక్క బుల్లెట్ మీద వచ్చాడు. నలభై బావుల్లో నాలుగు కూడా కాకముందే మేనమామ దాన్ని ఆపేసి మళ్ళీ పాత సినిమాలు వేశాడు. తేడా ఎవరూ గమనించలేదు.

దాన్ని ఆపకముందు, లోతైన బావి భాగం వచ్చిన రోజు పెద్దమండ్యం వాడు కుప్పం నుంచి పుంగనూరు వచ్చాడు. కుప్పానికి ఆ కేబుల్ రాదు. బస్టాండు ఎదురుగా టిఫిన్ హోటల్లో టీవీ ఉంటే ఇద్దరం దాని కింద కూర్చున్నాం. తెర మీద పచ్చ పరికిణీ వేసుకున్న పిల్ల కొబ్బరికాయతో నాట్యం చేస్తూ బావి మెట్లు దిగుతోంది. జంతువు వెనకభాగం కూడా తాళం వేస్తోంది. నీళ్ళు తాగి ఎన్నాళ్ళయిందని ఎవరూ ఎవరినీ అడగలేదు.

దోసె తెచ్చిన సర్వరు తెర వైపు చూస్తూ నిలబడి, "ఈ పిల్ల ఎవురు సార్? టెంకాయ ఎందుకు ఎత్తుకోనుండాది?" అన్నాడు.

"నాకు తెలీదప్పా" అన్నాడు వాడు. కోపంగా కాదు. నిజంగా తెలియని మనిషి చెప్పినట్టే చెప్పి, చట్నీ అడిగాడు.

దోసె పూర్తిగా తిన్నాడు. బయటికి వచ్చి కుప్పం బస్సులు ఆగేచోట నిలబడ్డాం. ఏదో ఒకటి అనాలి కనుక, ఏడు రాకుండా ఉండాల్సిందిరా అన్నాను.

"ఏడును ఏమీ అనొద్దు. దాని తప్పేముండాది?" అన్నాడు. కాసేపాగి, "తెలీనిదానికి గదా చీటీ తీస్తాండింది మనం. నువ్వు మాటిచ్చినావు. మళ్ళ చీటీ ఎందుకు?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపల కుప్పం బస్సు వచ్చిందని రాస్తే బాగుంటుంది. బస్సు రావడానికి ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. ఆ ఇరవై నిమిషాలూ ఇద్దరం అక్కడే, పక్కపక్కనే, నిలబడే ఉన్నాం.