నీలం గీతలున్న నాలుగు సంచులు

మా పెద్దబిడ్డ పోయిన శుక్రవారం పొద్దున కన్నుమూసింది. ఆర్మూర్ పసుపు బజారులో ఆమెను ఎరగనివాళ్లు తక్కువ. బజారువాళ్లు మీరంతా వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఏడుపు ఆగడం లేదు. అయినా గుండె మీది బండ దిగిన మాట నిజం. ఎందుకో చెప్పాలని, చదువు తక్కువదాన్నైనా రాస్తున్నాను.

ఆమె సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఒక ఏడు పసుపు అమ్మకాల రోజుల్లోనే పెద్ద వాన పడి దుకాణాల్లోకి నీళ్లొచ్చాయి. చిన్న వ్యాపారులకు వెంటనే సాయం ఇస్తామని సర్కారు చెప్పింది. ఎవరి సరుకు ఎంత తడిసిందో చూసి రాసే పని మా బిడ్డది. "పైసలు జల్ది ఇయ్యాలె అమ్మా, గని కండ్లు మూసుకొని ఇయ్యొద్దు" అనేది.

రెండు రోజులు తిరిగేసరికి ఆమెకు అర్థమైంది. ఒక దుకాణంలో చూసిన తడి సంచులే పక్క దుకాణంలో మళ్లీ కనబడుతున్నాయి. బట్టలకు వేసే నీలం డబ్బాలో కలుపుకొని, చూసిన ప్రతి సంచి మీదా వేలితో గీత పెట్టడం మొదలుపెట్టింది.

"ఏం బిడ్డా, మా సంచులకు బొట్టు పెడుతున్నవా?" అని ఒక సేటు వెక్కిరించాడు.

"పెండ్లి ఒక్కసారే గద సేటూ. ఇగ రెండో ఇంటికి పంపకుండ్రి" అంది.

పసుపు కొమ్ములు పొడి పట్టే చిన్న గిర్ని నాకు ఉంది. అదీ తడిసింది. నేను చేసిన తప్పు కూడా చెబుతాను. పక్క దుకాణం వదినె నాలుగు తడి సంచులు ఇస్తే నా వాటిలో కలిపి, నీలం గీతలు గోడ వైపు తిప్పి పెట్టాను. రాసేది సొంత బిడ్డే కదా అనుకున్నాను. ఆమె రానే లేదు. తల్లి గిర్నిని తను చూడకూడదని ఆఫీసులోని వేరే సారును పంపింది. ఆయన ఒక్కో సంచిని తిప్పి చూసి, ఆ నాలుగింటినీ లిస్టులో కొట్టేసి, కారణం పక్కన రాసి నాతో సంతకం పెట్టించుకున్నాడు.

"కన్నతల్లి ఇజ్జత్ తీసినవ్ గదనే!" అని ఇంటికొచ్చినదాని మీద అరిచాను.

"గోడ దిక్కు తిప్పినవట గద" అని నవ్వి, నాకు అన్నం పెట్టింది. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

తర్వాత ఎవరో అర్జీ పెట్టారు, తల్లి గిర్నికి ఎక్కువ రాయించిందని. విచారణ మొదలైంది. అప్పుడే ఆమెకు జబ్బు కూడా చేసింది. మంచంలో పడ్డాక "దొంగ పేరుతోని పోతనా అమ్మా?" అని అడిగేది.

చివరికి పై ఆఫీసువాళ్లు పాత కాగితాలు తీశారు. అందులో నా గిర్ని లెక్క దొరికింది. కొట్టేసిన నాలుగు సంచులు, పక్కన వేరే సారు రాసిన కారణం, కింద నా వంకర సంతకం. నేను సిగ్గుతో చచ్చిపోయిన ఆ కాగితమే నా బిడ్డను కాపాడింది.

ఆమె తప్పేమీ లేదని ఉత్తరం వచ్చింది. ఆమె పోవడానికి నాలుగు రోజుల ముందు వచ్చింది, అంతే చాలు. కూడబలుక్కుంటూ నేనే చదివాను.

"ఇంకోపారి చదువు" అంది. మూడుసార్లు చదివించుకుంది.

ఎన్నాళ్లుగానో ఏమీ తిననిది, ఆ రోజు గిన్నెడు గంజి తాగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుంది. కిటికీలోంచి ఎండ వచ్చి పాదాల మీద పడినా కదల్లేదు. కాసేపటికి సన్నగా గురక పెట్టింది. విసనకర్ర పట్టుకుని, ఆ గురక వింటూ కూర్చున్నాను.