చెల్లి రక్తం పాలరంగు

మా చెల్లి రక్తం పాలరంగులో ఉండేది. కోపంతో అంటున్న మాట కాదు, ఉన్నమాటే. బెంగాల్లో, ఖిదిర్‌పూర్ ఓడరేవు డాక్ క్వార్టర్లలో మేముండే రోజుల్లో, బాగా చిన్నప్పుడే, కడుపునొప్పని దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్తే, సూది వేసి రక్తం లాగిన కాంపౌండరు సిరంజి వంక చూసి నోరు తెరిచాడట. టమాటా చారులో పాలు పోసినట్టుందని అమ్మ వర్ణించేది. పక్క వార్డు డాక్టర్లు కూడా వచ్చి చూసి వెళ్ళారట. "ఎంతమంది ఒచ్చి సూసారో!" అని అమ్మ మా లైనులో అందరికీ చెప్పుకునేది. భయంగానే చెప్పేది గాని, ఆ భయంలో కాస్త గొప్ప కూడా ఉండేది. నా రక్తం చూడ్డానికి ఎవరొస్తారు? నాకు ఒళ్ళు మండిపోయేది.

నూనె, నెయ్యి, కొవ్వు ఆపెయ్యమన్నారు డాక్టర్లు. అప్పట్నించీ మా ఇంట్లో రెండు వంటలు. నాకూ అయ్యకూ ఆవనూనెలో వేయించిన చేప, చెల్లికి ఉడకబెట్టిన చప్పిడి చేప. రుచి సంగతి చూస్తే గెలుపు నాదే. కానీ అమ్మ నా కంచం గచ్చు మీద పెట్టేసి వెళ్ళిపోయేది. చెల్లి ఎదురుగా మాత్రం తీరిగ్గా కూర్చుని, చేప తోలు తీసి, ముళ్ళు ఏరి, ఒక్కో ముద్దా నోట్లో పెట్టేది. అంత పెద్ద పిల్లకి! నాకు ముల్లు గుచ్చుకుందని కావాలని దగ్గితే, "అన్నం ముద్ద మింగీయే, దిగిపోద్ది" అని ఉన్నచోటు నుంచే అరిచేది.

తిన్నాక చెల్లి నా దగ్గరికి వచ్చేది.

"అప్పా, సెయ్యి కడిగీకే. ఓపాలి ఇలగియ్యి."

నా వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వేపుడు వాసన పీల్చేది. నేను రాణీగారిలా చెయ్యి చాపేదాన్ని. దానికి లేనిదీ నాకున్నదీ ఆ వాసన ఒక్కటే. మిగతాదంతా, అంటే అమ్మంతా, దానికే.

నేను పెద్దమనిషినైనప్పుడు చెల్లికి నొప్పి తిరగబెట్టి అమ్మ ఆసుపత్రిలో ఉంది. పక్కింటి పిన్ని నాకింత పసుపు రాసి చాపమీద కూర్చోబెట్టింది. అయ్య సిగ్గుపడి డ్యూటీకి వెళ్ళిపోయాడు. అదే నా సంబరం. తర్వాత చెల్లి వంతు వచ్చింది. కొత్త పరికిణీ, జడ నిండా పూలు, వరండాలో రంగుకాగితాల తోరణాలు. ఎదురింటి బెంగాలీ బౌది, అంటే వదిన, కూడా వచ్చి శంఖం ఊదింది. నేను మంచినీళ్ళు అందించాను.

మా శ్రీకాకుళం ఆడవాళ్ళు ఊరుకుంటారా? తలా ఒక గిన్నె చిమ్మిలి పట్టుకొచ్చారు. నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన ఉండలు అవి. కొత్తగా పెద్దమనిషైన పిల్లకి నడుం గట్టిపడాలని పెట్టి తీరతారు.

అమ్మ ఒక్క క్షణం ఆగింది. "దీంట్లో నూనేటీ ఎయ్యలేదు గదే?"

"నువ్వులూ బెల్లవే, అప్పా. రోట్లో దంచినాను. నూనె సుక్క తగల్లేదు" అంది పిన్ని.

నువ్వుల్లోంచే నూనె తీస్తారని ఆ గదిలో తెలియని వాళ్ళు లేరు. ఐనా ఎవరికీ తట్టలేదు. మాకు నూనె అంటే డబ్బాలోంచి మూకుట్లో పోసేది. చిమ్మిలి అంటే శుభం. నాకు మాత్రం ఎలా తడుతుంది, నా కళ్ళు అమ్మ చేతి మీదుంటే? ఉండ తుంచి చెల్లికి పెడుతూ కళ్ళనీళ్ళు తుడుచుకుంటోంది. జన్మలో మొదటిసారి ఇంత కమ్మటిది తింటున్న చెల్లి వేళ్ళు కూడా నాక్కుంది. దాని ఆనందం చూస్తే నాకు కడుపు మండింది.

పూలు వాడకముందే దాని కడుపు పట్టేసింది. వెన్నులోకి పొడిచే నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే టాక్సీలో ఆసుపత్రికి పరిగెత్తాం.

ఈసారి చూసిన పెద్ద డాక్టరు ఓపికగలవాడు. మా అయ్యను కూర్చోబెట్టి చెప్పాడు. తిన్న కొవ్వును పేగుల్లో అరిగించే లైపేజ్ అనే ఎంజైము ఒకటి ఉంటుంది, అది ఈ పిల్లకు బాగానే పనిచేస్తోంది. అరిగిన కొవ్వు మళ్ళీ చిన్నచిన్న ఉండలు కట్టుకుని రక్తంలోకి వస్తుంది. అక్కడ రక్తనాళాల గోడల మీద ఇంకో ఎంజైము, లైపేజ్‌లలోనే మరో రకం, దాన్ని విడగొట్టి కండలకు అందించాలి. ఆ రెండోది ఈమెకు పుట్టుకతోనే పనిచెయ్యడం లేదని నా అనుమానం, అన్నాడు. అందుకే కొవ్వు రక్తంలోనే పేరుకుపోయి తెల్లబడుతోంది, మరీ ఎక్కువైతే క్లోమం వాచిపోతుంది. ఆ రెండో ఎంజైమును కొలిచే పరీక్ష ఇక్కడ లేదట.

బయటికొచ్చాక అయ్య అమ్మకు తన భాషలో చెప్పాడు. "ఓడొచ్చి రేవులో నిలబడ్డాది. సరుకు దించే కూలీలు లేరు. ఎనకాల ఇంకో ఓడ, ఆ ఎనకాల ఇంకోటి."

"మరి కూలీల్ని తేలేరేటి?"

"తేలేరట. ఓడల్నే రానివ్వకూడదు."

డాక్‌లో సమ్మెలు చూసి చూసి ఉన్నాం. ఏ ఎర్రజెండా నాయకుడు మాట్లాడినా తెగని సమ్మె ఇదొక్కటే.

మీ ఇద్దరికీ పెళ్ళికి ముందు నుంచీ చుట్టరికం ఉందా అని కూడా డాక్టరు అడిగాడు. ఉంది. అయ్య అమ్మకు సొంత మేనమామే. ఐతే ఇద్దరిలోనూ దాగున్న లోపం ఈ పిల్లకు రెండువైపుల నుంచీ వచ్చి ఉంటుంది, పెద్దమ్మాయికి కూడా ఉండొచ్చు, రక్తం చూడాలి, అన్నాడు.

నాకు కూడా! భయం వెయ్యలేదు. చెల్లి మెలికలు తిరగడం కళ్ళారా చూశాను. ఐనా దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, తెల్లగా రావాలని. జన్మంతా చప్పిడి చేప తింటాను, చిమ్మిలి ముట్టను, అమ్మ నా ఎదురుగా కూర్చుని ముళ్ళు తీస్తే చాలు.

మర్నాడు పరగడుపున తీసుకెళ్ళారు. అమ్మ నా భుజం పట్టుకుని నిలబడింది. ఆ చెయ్యి వణుకుతోంది. నా కోసం వణుకుతోంది! సూది దిగినా నొప్పి తెలియలేదు.

రక్తం ఎర్రగా వచ్చింది. చిక్కగా, శుభ్రంగా, ఎవరి రక్తమైనా ఉన్నట్టే.

"ఎర్రగున్నాదే! నా తల్లే, ఎర్రగున్నాదే!" అని అమ్మ నా తలను పొట్టకేసి అదుముకుంది. అంత గట్టిగా ఎన్నడూ పట్టుకోలేదు. అందరి ముందూ ఏడ్చింది. అంతలోనే వదిలేసింది. "నీకింక బెంగ లేదు. దూది నువ్వట్టుకో, దానికి బార్లీ పట్టాల" అని చెల్లి వార్డు వైపు నడిచింది.

మోచెయ్యి మడిచి దూది నేనే పట్టుకున్నాను. కళ్ళనీళ్ళు కారిపోతుంటే నర్సు చూసి, "లేగేఛే?" అని, నొప్పిగా ఉందా అని అడిగింది. తలూపాను. ఒంట్లో ఏ జబ్బూ లేదని ఏడుస్తున్నానంటే ఆవిడకేం అర్థమవుతుంది? అర్థం కావాల్సిన మనిషి అప్పటికే వార్డు తలుపు దాటింది.