ఫ్రెంచిలో నేను ఒంటరిగా తినలేదు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. బెంగుళూరు వచ్చాక మనిషి బాధపడాలన్నా ఇంగ్లీషులోనే పడాలని. లిఫ్టులో ఇంగ్లీషు, క్యాంటీన్‌లో ఇంగ్లీషు, ఆటో దగ్గర నాలుగు కన్నడం ముక్కలు. తెలుగంటే ఆదివారం సాయంత్రం అమ్మ ఫోన్ చేసినప్పుడు పీజీలో మంచం మీద గోడవైపు తిరిగి, గొంతు తగ్గించి మాట్లాడుకునే భాష. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ ఇరవైమూడేళ్ళ మనిషి అప్పుడు నవ్వలేదు లెండి. నవ్వడానికి పక్కన ఒకరైనా ఉండాలి కదా.

మాది హిందూపురం. నాకు జర్మన్ రావడం వెనక నా ప్రతిభేమీ లేదు. మా అక్క నర్సింగు చదివింది. జర్మనీ ఆసుపత్రుల్లో నర్సులు కావాలట అని చర్చిలో ఎవరో చెబితే, బెంగుళూరులో జర్మన్ క్లాసులో చేరింది. ఒక్కతే పోవడమెందుకని ఇంట్లో నన్ను తోడు పంపారు. తోడుగా వెళ్ళినవాణ్ణి వెనక బెంచీలో కూర్చుని, పనేమీ లేక నేర్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి అక్కకి అనంతపురంలోనే మంచి ఉద్యోగం దొరికింది, ఆవిడ జర్మన్ మానేసింది. నన్ను మాత్రం ఆ భాష జలుబులాగా అంటుకుని వదల్లేదు.

ఆ జలుబు పుణ్యమా అని ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం వచ్చింది. (అప్పటికి మెట్రో అక్కడిదాకా రాలేదు. సిల్క్ బోర్డు దగ్గర బస్సులో ఒంటికాలిమీద నిలబడి నేర్చుకున్న ఓర్పు, అమ్మ తీసుకెళ్ళిన ఏ ప్రార్థన కూటంలోనూ నేర్చుకోలేదు.) ఇంగ్లీషువాళ్ళు ఇళ్ళల్లో, వీధుల్లో సరదాగా వాడుకునే మాటల్నీ, నుడికారాల్నీ వేరే యూరపు భాషల్లోకి మార్చి, ఫోన్లో భాష నేర్చుకునేవాళ్ళ కోసం ఒక యాప్ తయారుచేయడం మా కంపెనీ పని. బలే పనిలెండి అది. వాన గట్టిగా పడితే ఇంగ్లీషువాడికి పిల్లులూ కుక్కలూ కురుస్తాయి. జర్మనుకి దారాలు కురుస్తాయి, ఫ్రెంచివాడికి తాళ్ళు. స్పెయిను వాళ్ళకి కడవలతో పోస్తుందట. మన కుండపోతే కదా ఇది అని కుర్చీలోనే ఒక గంతు వేశాను. తరవాత ఆ గంతు సంగతి ఎవరికి చెప్పాలో తెలియక మళ్ళీ సర్దుకుని కూర్చున్నాను.

మా గదిలో ముగ్గురమే. జర్మన్ నేను. నా కుడిపక్క ఫ్రెంచి ఆయన. అరవై దగ్గరి మనిషి, నలగని తెల్లచొక్కా, ముక్కు మీదికి జారే కళ్ళజోడు, స్కూలు ఇన్స్పెక్షనుకి వచ్చినట్టుండే మొహం. ఎదురుగా స్పానిష్ ఆవిడ, నలభై దాటిన మనిషి, సెక్యూరిటీ వాళ్ళతో కన్నడం దంచేది. పక్కన గాజు గదిలో మా మేడమ్. ఆవిడ ఏ మాట మొదలుపెట్టినా గడువుతోనే ముగిసేది కాబట్టి నాలో నేను గడువు మేడమ్ అని పేరు పెట్టుకున్నాను. గదిలో మాట్లాడకూడదు. సందేహమొస్తే షీటులో వ్యాఖ్యల గడిలో రాయాలి, సముద్రానికి అవతల మా పని సరిచూసే రివ్యూయర్లకి కూడా కనబడాలని. అందుకే అందరి చెవులమీదా హెడ్‌ఫోన్లు. (నా వాటిల్లో పాట కూడా ఉండేది కాదు. ఊరికే పెట్టుకునేవాణ్ణి, మర్యాదకి.) నా పేరు బైబిల్లోంచి వచ్చింది గనక వాళ్ళు నన్ను కేరళవాణ్ణనుకున్నారు. వాళ్ళ పేర్లు షీటులో ఉండేవి కావు, రెండేసి అక్షరాల భాషా సంకేతాలే. భోజనానికి ఎవరి వేళకి వాళ్ళు లేచి, ఎవరి మూల వాళ్ళు తినేవాళ్ళం.

మూడు నెలల ప్రొబేషన్. అందులో నాకు అప్పగించింది ఉదాహరణ వాక్యాలు. ఒక్కో నుడికారానికీ మూడేసి వాక్యాలు తేలిక ఇంగ్లీషులో రాసి, వాటిని జర్మన్‌లోకి మార్చాలి. “పుస్తకాల వాసన రాకూడదు, జీవితంలోంచి రావాలి. శుక్రవారం అయిదింటికల్లా,” అని గడువు మేడమ్ మొదటిరోజే చెప్పింది. ఆ రోజు శిక్షణలో బాణాలూ డబ్బాలూ గీసి ఇంకా చాలా చెప్పింది. నేను ఏసీకి వణుకుతూ అన్నీ అర్థమైనట్టు తల ఊపాను. నాకు అర్థమైనంతలో, నా వాక్యాలు చదివేది జర్మనీలో ఎక్కడో ఉన్న ఒక రివ్యూయర్ మాత్రమే. ఈ జన్మలో కనబడని మనిషి. మిగతా భాషలవాళ్ళు ఎవరి వాక్యాలు వాళ్ళు రాసుకుంటారు. నాకు తెరుచుకునే షీటులో నా గడులు తప్ప ఇంకెవరివీ కనబడేవి కావు.

కనబడని మనిషి దగ్గర సిగ్గెందుకు చెప్పండి? జీవితంలోంచి రాయమన్నారు, నా దగ్గర ఉన్న జీవితం అదొక్కటే. ‘హ్యాంగ్ అవుట్’ అంటే స్నేహితులతో ఊరికే కాలక్షేపం చెయ్యడం కదా, దానికి “శనివారమంతా నేను పీజీ వాషింగ్ మెషీన్‌తో హ్యాంగ్ అవుట్ చేశాను, అది కూడా మధ్యలో ఆగిపోయింది” అని రాశాను. ‘గ్రాబ్ ఎ బైట్’, గబగబా ఏదో ఇంత తినడం. దానికి “నేను ఒక్కణ్ణే దర్శినిలో నిలబడి ఇడ్లీ తిన్నాను, నా బల్ల చుట్టూ నలుగురికి చోటుంది”. (దర్శిని అంటే బెంగుళూరులో నిలబడి తినే టిఫిను హోటలు.) ‘నో బిగ్ డీల్’, అదేమంత పెద్ద విషయం కాదులే అని. “నిన్న నా పుట్టినరోజని ఆఫీసులో ఎవరికీ తెలియదు. నో బిగ్ డీల్.” ఇక ‘కోల్డ్ షోల్డర్’, అంటే కావాలని ముఖం చాటెయ్యడం. దానికి ఉదాహరణ వెతుక్కోనక్కరలేకపోయింది, పక్క సీటులోనే ఉంది. “నా పక్కన కూర్చునే పెద్దాయన రెండు నెలలుగా నాకు కోల్డ్ షోల్డర్ ఇస్తున్నాడు” అని కసిగా రాసి, జర్మన్‌లోకి శ్రద్ధగా మార్చి పంపాను. నిజం చెప్పొద్దూ, రోజంతట్లో నేను ఎవరితోనైనా మాట్లాడుతున్నట్టు అనిపించేది ఆ వాక్యాలు రాసేటప్పుడే. మూడు నెలల్లో కొన్ని వందల వాక్యాలు అలా పోశాను. జర్మనీ నుంచి ఒక్కదానిమీదా ఎర్రగీత రాలేదు.

ప్రొబేషన్ ఆఖరి వారంలో గడువు మేడమ్ మా ముగ్గుర్నీ మీటింగు గదిలోకి పిలిచింది. హెడ్‌ఫోన్లు లేకుండా ముగ్గురం ఒక బల్ల చుట్టూ కూర్చోవడం అదే మొదటిసారి. నా ఉద్యోగం ఉంటుందో పోతుందో ఇవాళ తేలుతుందని నాకు ముందే చెమటలు. కానీ ఆవిడ ఫ్రెంచి షీటు తెరమీద పెట్టింది. “ఫ్రెంచి మార్కులు దారుణంగా పడిపోయాయి. పారిస్ రివ్యూయర్ రాసిన తప్పులు చదువుతాను, సమాధానం నాకు ఇవాళ సాయంత్రంలోగా కావాలి,” అంది. (అంతా ఇంగ్లీషులోనే. తెలుగు నాది.) పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

“మూలం: నేను ఒక్కణ్ణే దర్శినిలో నిలబడి ఇడ్లీ తిన్నాను.”

అది నా ఇడ్లీ. అక్కడ, ఆ తెరమీద, నా ఇడ్లీకి అటు స్పానిష్ గడి, ఇటు ఫ్రెంచి గడి, ఆ పక్కన ఇంకా రెండు భాషల గడులు. మొదటిరోజు గీసిన బాణాలన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నేను రాసిన ప్రతి ఇంగ్లీషు వాక్యాన్నీ వీళ్ళందరూ మూడు నెలలుగా తమ తమ భాషల్లోకి మారుస్తూనే ఉన్నారు!

“ఫ్రెంచిలో ఏముందంటే: నేను ఒక మిత్రుడితో కలిసి ఇడ్లీ తిన్నాను. రివ్యూయర్ ప్రశ్న: ఈ మిత్రుడు ఎక్కణ్ణుంచి వచ్చాడు?” మేడమ్ చదువుకుంటూ పోతోంది. “మూలం: నిన్న నా పుట్టినరోజని ఎవరికీ తెలియదు. ఫ్రెంచిలో: నా పుట్టినరోజు సంగతి ఆఫీసువాళ్ళకి ఒకరోజు ఆలస్యంగా తెలిసింది, అందరూ నొచ్చుకున్నారు. ఇది ఘోరం. మూలం: నా పక్కన కూర్చునే పెద్దాయన నాకు ముఖం చాటేస్తున్నాడు. ఫ్రెంచిలో: నా పక్కన కూర్చునే పెద్దాయనకి నాతో మాట్లాడాలనే ఉంది, ఎలా మొదలుపెట్టాలో ఆయనకి తెలియడం లేదు.”

“అయ్యో ప్రభువా, అవన్నీ నేను రాసినవే,” అన్నాను. నాకు తెలియకుండానే, పైకే.

రెండు తలలు నావైపు తిరిగాయి. “నువ్వు తెలుగా?” అన్నాడు పెద్దాయన, గోదావరి యాసలో, కళ్ళజోడు చేతిలోనే పట్టుకుని. “మరి చెప్పవేవయ్యా! మాది యానాం. ముప్పయ్యేళ్ళు బళ్ళో ఫ్రెంచి చెప్పాను. మహదేవపురలో మా అమ్మాయి దగ్గరుంటున్నాను.”

ఎదురుగా స్పానిష్ ఆవిడ రెండు చేతులూ బల్లమీద కొట్టింది. “ఏమప్పా నువ్వు! నీ బాధంతా స్పానిష్‌లో రాసి రాసి మూడు నెల్లుగా నా చేతులు పడిపోతా ఉండాయి. నిజంగా ఇట్లాంటోడు ఒకడు ఉండాడా, లేకపోతే కతా అని రోజూ అనుకుంటా ఉంటి. ఎదురుగానే ఉండావే! మా తాతల కాలం నుంచి ఈ ఊరేనప్పా మాది, ఇంట్లో తెలుగే. ఒక్క మాట అడిగితే ఏం పోయింటుంది నీకు?”

తెలుగువాళ్ళు ముగ్గురం, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో, మూడు నెలలు నోరు మూసుకుని కూర్చుని ఒక్కడి దిగుల్ని మూడు దేశాల భాషల్లోకి మార్చుకున్నాం. మన పక్కన మనవాళ్ళెవరూ లేరని ఎవరికి వాళ్ళం ఇంగ్లీషులో గట్టిగా నమ్ముకుని. ఇలాంటి ఘనకార్యం ఇంకెవరి వల్లా కాదు. గడువు మేడమ్ మా మొహాలు చూస్తూ, ఏ భాషలో కోప్పడాలో తేల్చుకోలేక అయిదు నిమిషాలు విరామం ఇచ్చింది.

ఆ అయిదు నిమిషాల్లో నేను మాస్టారిని (అప్పటికే మాస్టారైపోయారు) అడిగాను. “సార్, మీ మార్కులు పోతాయని తెలిసి కూడా ఎందుకు సార్ అట్ల రాసినారు?” ఆయన కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు. “ముప్పయ్యేళ్ళలో ఒక్క మూలవాక్యం మార్చలేదయ్యా నేను. మొదటి వారం నీ వాక్యాలు కూడా ఉన్నదున్నట్టే రాశాను. ఆ పూట ఇంటికెళితే అన్నం సహించలేదు. ఎవరో తెలీదు, ఎక్కడుంటాడో తెలీదు. నా చేతుల్లో ఉన్నది ఫ్రెంచి ఒక్కటే. పోనీ, అందులోనైనా కాస్త బావుండనీ అనుకున్నాను.”

సాయంత్రం ఉత్తరాలు వచ్చాయి. నా ఉద్యోగం ఖాయమైంది. ‘వాక్యాలు ఎంతో సహజంగా ఉన్నాయి, ఈయన ఇవి ఎక్కణ్ణుంచి తెస్తారో’ అని జర్మనీ రివ్యూయర్ ప్రత్యేకంగా మెచ్చుకున్నాడట. మాస్టారి కాంట్రాక్టు నెలాఖరుతో సరి. నేను గాజు గదిలోకి పరిగెత్తి, తప్పు నాదని, అవన్నీ నా సొంత గొడవలని, ఆయన నా మీద జాలికొద్దీ మార్చారని మొత్తం కక్కేశాను. మేడమ్ పూర్తిగా విన్నది. ఆవిడా చెడ్డది కాదు, కళ్ళు కాస్త చెమ్మగిల్లాయి కూడా. “మీ వాక్యం బాధగా ఉండటం తప్పు కాదు. ఆయన అనువాదం సంతోషంగా ఉండటం తప్పు. నేను చేయగలిగిందేమీ లేదు,” అంది. మొదటిసారి ఆవిడ మాట గడువు లేకుండా ముగిసింది. నేను బయటికొచ్చి నా కుర్చీలో కూర్చుని ఏడ్చాను. నా బాధకి ఉద్యోగం దొరికింది, ఆయన దయకి పోయింది.

నెలాఖరుకి ఇంకా తొమ్మిది పనిరోజులున్నాయి. తొమ్మిది రోజులూ ముగ్గురం కలిసే తిన్నాం. మాస్టారి క్యారియరులో చింతచిగురు రొయ్యలు, స్పానిష్ అక్క (ఆవిడా అప్పటికే అక్కైపోయింది) డబ్బాలో రాగిముద్దా, అందులోకి ఉప్పుసారు అనే చారూ, నా వంతుకి పీజీవాళ్ళు కట్టిచ్చిన ఎర్రటి పులావు. (దాన్ని ముట్టుకోవడానికి ఇద్దరూ వినయంగా నిరాకరించేవారు.) “తినప్పా, సుమ్మనె, ఊరికే కూర్చుంటావేం,” అని అక్క, “మొహమాటపడకయ్యా,” అని మాస్టారు. మూడు నెలల మాటలన్నీ తొమ్మిది భోజనాల్లో కుక్కేశాం. పదోరోజు పక్క సీటు ఖాళీ. మాస్టారు యానాం వెళ్ళిపోయారు.

ఆయన స్థానంలో వచ్చినవాళ్ళు ఎవరో ఇంటినుంచే పనిచేసేవారు, చురుకైనవాళ్ళు. వారం తిరక్కుండా ఫ్రెంచి తప్పులన్నీ దిద్దేశారు. మిత్రుణ్ణి తీసేశారు, ఆఫీసువాళ్ళు నొచ్చుకోవడం మానేశారు, పెద్దాయన మళ్ళీ ముఖం చాటేశాడు. యాప్ విడుదలైంది. ఇప్పటికీ ఎక్కడో ఎవరో నా వాక్యాలతో భాష నేర్చుకుంటూనే ఉంటారు. అన్ని భాషల్లోనూ నేను ఒక్కణ్ణే నిలబడి ఇడ్లీ తింటున్నాను, ఎక్కడా ఒక్క తప్పు లేదు.

తరవాత నేనే రివ్యూయర్నయ్యాను. ఇప్పుడు సర్జాపుర రోడ్డులో తొమ్మిదో అంతస్తులో ఇంటినుంచే పని. మొదటి అనువాదం యంత్రం చేస్తుంది, నేను దిద్దుతాను. రోజుల తరబడి నోరు విప్పే పని పడదు. స్పానిష్ అక్క రిటైరై మనవరాలి వెనక పరుగెత్తుతోంది. అప్పటి ఆ పిచ్చివాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. పక్కకి తిరిగి “భోంచేశారా అండీ?” అని ఒక్కమాట అడిగితే పోయేదానికి, అయిదు భాషల్లో మొత్తుకున్నాడు పాపం.

మాస్టారు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. చెవులు కాస్త మందగించాయి, ఫ్రెంచి మాత్రం చెక్కుచెదరలేదు. క్షేమసమాచారాలకన్నా ముందు ఆయన అడిగేది ఒకటే. “ఏవయ్యా, ఇవాళ ఎవరితో తిన్నావు?” నేను వంటింటి గట్టు దగ్గర ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడి ఉంటాను. ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు.

“ఫ్రెండ్ ఒకడు వచ్చినాడు సార్,” అంటాను. “ఇద్దరం కలిసి తింటా ఉన్నాం.”