అత్తకు చూసి చెప్పిన పోటీ

మా ఇంటి వెనక సందులో వ్యాయామశాల ఉంది. సాయంత్రమయ్యేసరికి పిల్లలు ఇనుప బరువులు ఎత్తి ఎత్తి కింద పడేస్తుంటారు. ఆ అదురుకి వంటింటి గట్టు మీద గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. బరంపురంలో ఇది వింతేమీ కాదు, పట్టుచీరలూ అప్పడాలూ ఎలాగో ఈ ఊరికి బరువులూ అలాగే. అయినా ఆ చప్పుడు వింటే నా తల పక్కకి తిరుగుతుంది. పక్కన ఖాళీ పీట ఉంటుంది. అది సింహాచలమ్మ అత్తది.

ఆవిడ నాకు చుట్టం కాదు. బడా బజార్‌లో మా పక్క వాటాలో ఉండేది. గిరిసోల దగ్గరి పల్లె నుంచి కోడలిగా వచ్చి, పెనిమిటి పోయాక అప్పడాలు చేసి బతికింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే నన్ను ఎదురు రోకలికి నిలబెట్టింది. అప్పడాల పిండి ఒకే రోట్లో ఇద్దరు దంచాలి. ఒకరి రోకలి లేచేటప్పుడు రెండోవారిది దిగాలి. నేను తొందరపడితే, "నా రోకలికేసి సూడకే, నా ఊపిరి ఇను" అనేది. మూడో తరగతితో బడి మానేసిన నాకు ఆ రోలే రెండో బడి.

తర్వాత ఆవిడ కళ్ళకు నీటికాసులు వచ్చాయి. పోయిన చూపు తిరిగి రాదన్నాడు డాక్టరు. అప్పడాలు తడుముకుంటూ ఒత్తేది కానీ, వీధి చూడకుండా ఉండలేకపోయేది. "ఒలే, బయటేటయిందే?" అనేది. నాకు మాటంటే సరుకే, ఊరికే ఖర్చు పెట్టేదాన్ని కాదు. "బండెళ్ళింది" అనేదాన్ని.

"బండెళ్ళిందని నా సెవులే సెప్పేయి. నువ్వేటి సూసేవో అది సెప్పు."

"గుమ్మడికాయల బండత్తా. ఒకటి పగిలింది. బండోడు సూసుకోలేదు."

"అలాగ సెప్పాల!" అని పడీ పడీ నవ్వేది. చూడడమంటే ఏమిటో నాకు చూపు లేని ఆ మనిషే నేర్పింది.

ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు బరువుల పోటీ మొదటిసారి పెట్టిన ఏడు, శ్రీకాకుళం వైపు అమ్మాయి ఒకతె వెళ్ళిందని వ్యాయామశాల పిల్లలు చెప్పారు. "మన వైపు గుంటే! నాను సూడాల" అంది అత్త. ఒక్క క్షణం ఆగి, "నువ్వు సూడాల" అంది.

ఆ రోజు ముసురు. అప్పడాలు ఎండవు కాబట్టి చేతులు ఖాళీ. మా టీవీ మీద గుడ్డ వార్తలప్పుడు తప్ప తీసేదాన్ని కాదు. ఆ మధ్యాహ్నం తీశాను. అత్త తన పీట తెచ్చుకుని, నా మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంది.

"ఎలాగుందే గుంట?"

"గట్టి బుజాలత్తా. సేతులకి సున్నంలాంటిది రాసుకుంటంది."

"బరువెంత? కిలోలు నాకొద్దు, మన బస్తాల్లో సెప్పు."

"నిండు బియ్యం బస్తా కన్నా ఎక్కువే."

"ఓలమ్మ! కాళ్ళు వణుకుతున్నాయేటి?"

"నువ్వు నోరు మూస్తే సూస్తాను."

బుజాల మీదికొచ్చింది, ఆగింది, తల మీదికెత్తింది, నిలబెట్టేసింది అని అరిచాను. కొట్టుకి వెళ్ళబోతున్న మా ఆయన గుమ్మంలో ఆగి, "అత్తాకోడళ్ళకి ఏటి, పిచ్చెక్కిందా?" అన్నారు. ఆ ఇంట్లో నా గొంతు అంత పైకి లేవడం ఆయన ఎన్నడూ వినలేదు.

ఆఖరిసారి ఇంకా బరువు పెట్టించుకుంది. అది ఎత్తితే బంగారమే అంటున్నారు. అత్త నా మణికట్టు పట్టుకుంది. ఇనుము లేచింది, నిలవలేదు, దాంతోపాటు ఆ పిల్లా కింద పడింది. నా నోరు ఆగిపోయింది. టీవీలో జనం హోరు. అది గెలుపు హోరో కాదో ఆవిడకు తెలిసే దారి లేదు. ఒక్క మాటతో ఆవిడకు బంగారం ఇచ్చేయొచ్చు. నాకు ఖర్చు కూడా లేదు.

"ఊరుకున్నావేటే? ఉన్నదున్నట్టు సెప్పు. నీ కళ్ళు తప్ప నాకేటున్నాయి?"

"పడిపోనాదత్తా."

"పడి?"

"లేచింది."

"మొకం ఎలాగుంది? నాకు అదే కావాల."

పరాయి మనిషి ముఖం నేను అంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదు. "ఇంకోసారి ఇస్తే ఎత్తుతాను అన్నట్టుంది" అన్నాను.

"సాలు, సూసీసేను" అని నా చెయ్యి వదిలింది. కంచు పతకం వచ్చిందని చెబితే, "కంచంటే మనం అన్నం తినే పళ్ళెమేగదే! ఇంటి సరుకే" అని మురిసిపోయింది.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఈటె విసిరే కుర్రాడు బంగారం తెచ్చిన రోజున మనవరాలు ఫోన్‌లో చూపిస్తుంటే, "పరిగెడుతున్నాడు, ఒళ్ళు విల్లులా వంచాడు, వదిలేశాడు" అని నా నోరు దానంతటదే మొదలెట్టింది. "నేనూ చూస్తున్నాను కదా మామ్మా, ఎవరికి చెప్తున్నావు?" అంది. "నీక్కాదులే, ఫోను కదపకు" అని కసిరాను.

పీట జాగా తినేస్తోందని కోడలు రెండుసార్లు అటక మీద పెట్టింది. రెండుసార్లూ దింపించాను. సాయంత్రం వెనక సందులో ఇనుము దబ్బున పడుతుంది. "పడిందత్తా" అంటాను. కాసేపు ఆగుతాను. "పడి?" అని ఎవరూ అడగరు.

"లేచింది" అని నేనే చెబుతాను.