ఎదుటి కొట్టు అల్లప్పచ్చడి

మొన్న మా చెల్లెలి కూతురు ద్వారకా నగర్‌లో టిఫిన్ల కొట్టు తెరవబోతూ నన్ను చూడ్డానికి రమ్మంది. గోడల రంగులు, పెట్టెల మీద బొమ్మలు, ఫోన్లో ఆర్డరు పెట్టే ఏర్పాటు అన్నీ చూపించింది. పిల్ల తెలివైనదే, సందేహం లేదు. చివర్లో మాత్రం మాకు పోటీ ఎవరూ లేరు పెద్దమ్మా అనేసింది. వీధికి అవతల ఒకాయన పెసరట్ల బండి చుట్టూ జనం మూగి ఉన్నారు. అక్కడ ఎప్పుడైనా తిన్నావా అంటే, అదేం పోటీ అని నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. నా కాలేజీ రోజుల్లో, ఇదే ఊళ్లో మల్కాపురంలో ఉండే మా మేనత్త మొహాన చూశాను.

అత్తావాళ్లది గోదావరి జిల్లా. పోర్టులో పనికొచ్చిన మామయ్య కొన్నాళ్లకి నడుం దెబ్బతిని మంచాన పడ్డాడు. ఇక అత్త వరండాలో పెట్టిన ఇడ్లీ కొట్టే ఆ ఇంటికి దిక్కు. అది నడవకపోతే సామాను సర్దుకుని ఊరెళ్లి మరుదుల పంచన ఉండాలి. అత్తకి అంతకన్నా నామోషీ లేదు. కాలేజీ చదువుకని నేనూ వాళ్లింట్లోనే ఉండేదాన్ని. అత్తది పెద్ద చెయ్యి. పొట్లం కడితే ఇడ్లీలు మునిగేలా కొబ్బరి చట్నీ పోయాల్సిందే. చట్నీ కొలిచి పెట్టేవాళ్లంటే ఆవిడకి చిన్నచూపు. ఇంతలో ఎదురుగా జాలరి కుటుంబంలోని ఒకావిడ కొట్టు పెట్టింది. చేపలమ్మిన మనిషికి ఇడ్లీ ఏం తెలుసని అత్త నవ్వింది.

కొద్ది రోజుల్లోనే మా వరండా బోసిపోయింది. పోర్టుకీ రిఫైనరీకీ పోయేవాళ్లంతా ఎదురుగా నిలబడేవారు. అత్తకి అన్నం సయించలేదు. మరొకరైతే శాపనార్థాలు పెడుతూ కూర్చుందురు. మా అత్త ఓ పొద్దున్నే కుచ్చిళ్లు సర్దుకుని, తిన్నగా వీధి దాటి ఆవిడ బల్ల మీద కూర్చుంది. వెంట వెళ్లిన నాకు తల కొట్టేసినట్టయింది.

"సొంత కొట్టెట్టుకుని నా కాడ తింతన్నావేటమ్మా?" అందావిడ.

"ఇంతమంది ఇక్కడికి ఎందుకొస్తున్నారో తెలుసుకుందామనండి" అంది అత్త.

తీరా తింటే ఇడ్లీ మాదే మెత్తన. అత్తకి అంతుపట్టలేదు. అక్కడో పొట్లం కట్టించుకొచ్చి, మా పొట్లం పక్కన పెట్టి, రెండింటినీ ఎండ తగిలే పిట్టగోడ మీద ఉంచింది. మధ్యాహ్నం విప్పితే మాది పులిసి గప్పుమంది. ఆవిడ ఇడ్లీలు పొడిగా ఉన్నాయి, పక్కన చిన్న ఆకులో అల్లప్పచ్చడి నిక్షేపంలా ఉంది. జనం కొనేది పొద్దున్నే అయినా తినేది పని మధ్యలో వీలు చిక్కినప్పుడు! అత్త పెద్ద చెయ్యే తన కొంప ముంచింది. పాపం మొహమాటస్థులు, ఒక్కరూ ఆ మాట అనలేదు, ఊరికే వీధి దాటేశారు.

మనమూ అల్లప్పచ్చడి చేద్దామని నేనంటే అత్తకి కోపమొచ్చింది. అది ఆవిడదే, మనకి కందిపొడి లేదా అంది. మర్నాటి నుంచి నెయ్యి చుక్కేసి కలిపిన కందిపొడి వేరే ఆకులో కట్టింది. జనం మెల్లగా తిరిగొచ్చారు. వాళ్ల వెనకే ఎదుటి కొట్టావిడా వచ్చి, ఏమీ ఎరగనట్టు మా బల్ల మీద కూర్చుంది. అప్పట్నుంచి ఒకరి టిఫిన్ ఒకరు తిని, మొహమాటం లేకుండా వంకలు పెట్టుకునేవారు. ఊరెళ్లే మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు. తను ఓడిపోతున్న చోటికే ఆకలితో వెళ్లి కూర్చోవడం ఎందరికి చేతనవుతుంది! అంత గొప్ప మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇదేమీ మా పిల్లకి చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే బండి దగ్గరికి లాక్కెళ్లి పెసరట్టు ఇప్పించాను. అయిష్టంగానే ఓ ముక్క తుంచింది. రెండో ముక్క పెద్దదే తుంచింది. చుట్టూ ఉన్న జనాన్ని కాసేపు చూసి, నెమ్మదిగా అడిగింది.

"ఇంతమంది ఇక్కడికి ఎందుకొస్తున్నారు పెద్దమ్మా?"

మల్కాపురం నుంచి ద్వారకా నగర్‌కి ఎంత దూరం గనక, ఈ ప్రశ్న అక్కణ్ణుంచి ఇక్కడికి చేరేసరికి నా తల నెరిసిపోయింది.