పాప పక్కన కూర్చుని తిన్న మనిషి

మా తోడల్లుడు పోయాడని నాకు చెప్పింది నా కూతురు. ఆళ్లగడ్డ నుంచి ఫోన్ ముందు దానికే వచ్చింది. మధ్యాహ్నం శిల్పాల షెడ్డులో గుండెనొప్పితో కూలబడ్డాడట. కబురు విని ఏడవాల్సింది పోయి, నాకు చెప్పకుండా దానికెందుకు చేశారని ఒళ్లు మండింది. ఆయన విషయంలో నాకెప్పుడూ అంతే. కుళ్లు. మీ దగ్గర దాచడం దేనికి?

ఆయన నా భార్య అక్క మొగుడు. రాతి విగ్రహాలు చెక్కేవాడు. పిల్లలు లేరు, అన్నదమ్ములు లేరు. ఒక్కడే కూర్చుని ముద్ద ఎత్తిన మనిషి కాదు. షెడ్డులో కూలీలంతా చేతులు కడుక్కుని వచ్చేదాకా సంగటి ముందు పెట్టుకుని కాచుకునేవాడు. "పక్కన మనిషి ల్యాకుంటే అది గొడ్ల మేతప్పా, కూడు కాదు" అనేవాడు.

నంద్యాలలో నాది విత్తనాల అంగడి. పాపను డాక్టరు చదువుకు ఫిలిప్పీన్స్ పంపాను. మొదటి ఏడాదే పరీక్ష తప్పింది. నాకు చెప్పలేదు, ఆయనకు చెప్పుకుంది. ఆయన సింగపూర్‌లో గుడి పని ఉందని నాతో అబద్ధమాడి, విమానమెక్కి దాని దగ్గరికి పోయాడు. మళ్లీ పరీక్షలు రాసేదాకా నెలరోజులు అక్కడే ఉన్నాడు.

ఈ సంగతి నాకు చదువంతా అయ్యాక, పట్టా ఇచ్చేనాడు అక్కడికి పోతే తెలిసింది. సాయంత్రం పాప నన్ను కాలేజీ ఎదురుగా ఉన్న చిన్న హోటల్‌కి తీసుకుపోయింది. ముందు బారు, వెనక భోజనాలు. ప్లాస్టిక్ కుర్చీలు, బీరు సీసాలు, మైకు పట్టుకుని పాడేవాళ్లు. చౌక కాబట్టి మన పిల్లలంతా అక్కడే తింటారట. అన్నం, వెనిగర్‌లో ఉడికించిన కోడికూర తెచ్చారు. పరువు కోసం నేను చెంచా పట్టుకున్నాను. హోటల్ నడిపే పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, పాపను ఇంగ్లీషులో అడిగింది.

"మీ నాన్న రాలేదా? ఆయన మాలాగే చేత్తో తినేవాడు. పాడేవాళ్లను కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాడు."

జరిగిందంతా పాప అప్పుడు చెప్పింది, తల దించుకుని. "ఆయన్నే మా నాయన అనుకున్నారు. నేను కాదనలే."

ఆ కూర ఎట్లా ఉందో నాకు తెలియదు.

ఊరికి రాగానే ఆళ్లగడ్డ పోయి నిలదీశాను. "నా కూతురికి నాయనవు నువ్వెట్లయినావన్నా?"

ఆయన ఉలి కింద పెట్టాడు. "నీకు చెప్పింటే చదువు మానిపించి పిల్చుకొచ్చుంటావు. పాపకు చదువు రాక కాదు. గదిలో ఒక్కతే కూడు తినల్యాక చిక్కి సగమైంది. పక్కన కూర్చోని తిన్యా. అంతకంటే ఏం జేసినా?"

నిజమే, మానిపించి ఉండేవాణ్ని. ఈ రోజు అది డాక్టరమ్మ అనిపించుకుంటోందంటే ఆయన చలవే. ఆ మాట ఆయన బతికుండగా నా నోట్లోంచి ఒక్కసారి కూడా రాలేదు.

శ్మశానంలో, తలకొరివి తానే పెడతానంది పాప. పెద్దలు అడ్డం పడ్డారు. "నాయన బతికుండంగా కొరివి పట్టగూడదు పాపా. మీ నాయనకు కీడు."

పాప నావైపు చూసింది.

"పట్టనీయండప్పా" అన్నాను.

చితి అంటుకుంది. పది అడుగుల దూరంలో నేను బతికే ఉన్నాను. నా కూతురు వాళ్ల నాయనకు కొరివి పెట్టింది.